వేలు పడ్డ రోజు

"లోపల కాదవ్వా, పదివేల లోపైతే బయట మిషన్ కాడికే పోవాలె" అంటూ బ్యాంకు గార్డు అద్దాల తలుపుకు చేయి అడ్డం పెట్టాడు.

ముత్తవ్వ కదల్లేదు. పోయిన నెల బయట మిషన్ మీద తన వేలు పడలేదనీ, లోపలికి పొమ్మన్నది బయటివాళ్లేననీ, ఇప్పుడు లోపలివాళ్లు బయటికి పొమ్మంటే తనెక్కడికి పోవాలనీ నిలదీసింది. గార్డు గోడకంటించిన కాగితం వైపు వేలు చూపించాడు. మూడు కౌంటర్లుండే చోట ఇప్పుడొక్కటే నడుస్తోంది. మిగతా రెండు కుర్చీల్లో దుమ్ము కూర్చుని ఉద్యోగం చేస్తోంది. ఆ ఒక్క కౌంటరుకూ చిన్న మొత్తాల వాళ్లంటే పడదట.

చేసేది లేక బయటికొచ్చింది. మెట్ల పక్కన రేకుల నీడలో బ్యాంకు మిత్ర మహేందర్ చిన్న బల్ల వేసుకున్నాడు. దాని మీద వేలిముద్రల మిషన్. బల్ల ముందు చెప్పుల వరుస. పొద్దున్నే రాయికల్ చేరినవాళ్లు తమ చెప్పులను లైన్లో విడిచి, గోడ నీడన కాళ్లు చాపుకున్నారు. ఎండలో మాడే పని చెప్పులది, తగాదాలు పడే పని మనుషులది. తన జోడు ఎవరో వెనక్కి జరిపారని ఒకాయన ఊరంతా వినేలా గొడవ పడుతున్నాడు. ముత్తవ్వ పొద్దున్నే లైన్లో విడిచిన తన చెప్పులు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకుంది. దేవవ్వ చెప్పుల వెనకే భద్రంగా ఉన్నాయి.

దేవవ్వ పక్కింటామె. ఇద్దరూ బీడీలు చేస్తారు, ఇద్దరికీ బీడీల పెన్షనే. లంగా కట్టిన వయసు నుంచీ తునికాకు చుట్టిన వేళ్లు కదా, చివర్లు అరిగిపోయి గీత అన్నది మిగల్లేదు. పోయినసారి ఎంత ఒత్తినా మిషన్ ఎర్రగానే చూసింది. అప్పుడే మహేందర్ ఒక ఉపాయం చెప్పాడు. కొన్నాళ్లు బీడీలు మానేసి, రోజూ కొబ్బరినూనె రాస్తే గీతలు మళ్లీ పైకి తేలతాయట. బీడీలు మానేస్తే నూనెకు పైసలెక్కడివని దేవవ్వ నవ్వి వదిలేసింది.

ముత్తవ్వ వదల్లేదు. ఇంట్లో మొగుడు రాజలింగం గుండె గోలీలను బ్లేడుతో సగానికి కోసుకుని మింగుతున్నాడు. పెన్షన్ చేతికొస్తే తప్ప నిండు గోలీ లేదు. అందుకే కార్ఖానా నుంచి వచ్చిన తన వంతు ఆకూ తంబాకూ దేవవ్వకిచ్చేసి, బీడీల చాట గోడకు ఆనించింది. కూలి పోయింది, పోనీ అనుకుంది. వేళ్లు అరుగుతాయని గిన్నెలు కూడా ముట్టలేదు, రాజలింగమే తోమాడు. "పెండ్లిపిల్ల లెక్క కూసున్నవ్" అని ఎగతాళి కూడా చేశాడు. పని లేని చేతులను ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియక ఏడుపొచ్చేది.

సర్వర్ పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మున్సిపాలిటీ నుంచి వచ్చిన సుమలత అనే అమ్మాయి మెట్ల మీద కుర్చీ వేసుకుని, పెన్షన్ వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ట్యాబులో ఫోటో తీస్తోంది. బతికున్నామో లేదో చూస్తున్నారులే అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

దేవవ్వ వంతు వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. ఏదీ పడలేదు. జగిత్యాల పోయి ఆధార్ సరిచేయించుకుని రమ్మన్నాడు మహేందర్. దేవవ్వ మిషన్ని, బ్యాంకుని, దాన్ని కట్టినవాణ్ని కలిపి తిట్టి, సుమలత ముందు కూర్చుని రెండు నిమిషాల్లో లేచి వెళ్లిపోయింది.

ముత్తవ్వ వేలు కొంగుకు తుడుచుకుంది. ఒత్తింది. ఎరుపు. ఇంకోసారి ఒత్తింది. మళ్లీ ఎరుపే. వెనక నుంచి గొణుగుడు మొదలైంది. గోలీ కోసే బ్లేడు కళ్లముందు కదిలింది. కళ్లు మూసుకుని మూడోసారి ఒత్తింది.

"పడ్డది పెద్దమ్మా" అన్నాడు మహేందర్.

పచ్చ లైటు. లైన్లోవాళ్లు లేచి తొంగి చూశారు. ఒక ముసలామె వచ్చి ఆ బొటనవేలిని పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, తానూ రేపటి నుంచే నూనె పెడతానంది. మహేందర్ ఇచ్చిన నోట్లను ముత్తవ్వ కళ్లకద్దుకుని కొంగున ముడేసింది. ఇంత సంతోషం ఆమెకు ఈమధ్య లేదు.

"ఇయ్యాల్టి సంది నా మొగడు నిండు గోలీ మింగుతడు" అంది, ఎవరితోనో తెలియకుండానే.

సుమలత పిలిచింది. ఫోటో తీసి, ఏం పెన్షనని అడిగింది. బీడీలదని చెప్పింది ముత్తవ్వ. పని చేయనివాళ్లు కూడా తీసుకుంటున్నారని ఫిర్యాదులొచ్చాయట, చేతులు చూసి రమ్మన్నారట. ముత్తవ్వ గర్వంగా రెండు చేతులూ చాపింది. సుమలత వేళ్లను ఒక్కొక్కటే నిమిరింది. చుట్టుపక్కల ఉన్నవాళ్లను ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అవద్దం ఎందుకాడుతున్నవ్ పెద్దమ్మా, బీడీలు చేసేటోళ్ల వేళ్లు గింత మెత్తగ ఉంటయా?" అని ట్యాబులో పెన్షన్ లిస్టు నుంచి ముత్తవ్వ పేరు తీసేసింది.