అడక్కుండా వచ్చిన పథకం

ఇప్పుడు సర్కారుకు ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ఎవరింట ఏం జరిగినా సర్కారు యంత్రానికే ముందు తెలుస్తుంది. ఆ వెంటనే పథకం గడప తొక్కుతుంది. పథకాలు నోటికొస్తే పతకాలు రాకపోయినా ఉద్యోగ పరీక్షలో ఆఫీసరు కుర్చీ అయినా వస్తుందని, ఉప్పాడ నూకరత్నం మూడొందల పథకాలనూ నంబర్లతో సహా బట్టీ పట్టింది. తల్లి దానమ్మ వల బాగుచేస్తూ నంబరు అడగడం, కూతురు అది ఎవరికిస్తారో చెప్పడం ఆ ఇంట్లో రోజూ ఆడే ఆట.

ఆ ఉదయం గోడమీది సర్కారు యంత్రం గొంతు సవరించుకుంది. "దానమ్మగారూ, మీకు నలభై ఒకటో పథకం మంజూరైంది."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ సర్కారు చూడవే, అడక్కుండానే పెడతంది!" దానమ్మ పొంగిపోయింది. "సముద్రంలోకెళ్ళిన మీ నాన్న రాగానే చెప్పాలి. ఇంతకీ నలభై ఒకటి ఎవరికే?"

నూకరత్నం గుమ్మంలోంచి సముద్రం వైపు చూసింది. నలభై ఒకటి, చేపల వేటకెళ్ళిన భర్త తిరిగిరాని ఆడవాళ్ళకి.

"మర్చిపోయావా? ఇలాగైతే పరీక్ష గట్టెక్కినట్టే!"

"మర్చిపోయానమ్మా," అంది నూకరత్నం, తెలిసిన జవాబును మొదటిసారి మింగేసి.

దానమ్మ నవ్వుకుంటూ మళ్ళీ వల అందుకుంది. మొగుడు వచ్చేలోగా ఆ చిరుగు పూర్తిచేయాలి.