ముప్పై నాలుగు

ఈసారి కూడా ముప్పై నాలుగే.

లెక్కల మాస్టారు కంప్యూటర్ తెర వంక చూసి నెత్తి కొట్టుకున్నారు. పాసు కావాలంటే ముప్పై అయిదు రావాలి. ఈ పదో తరగతి పిల్లకు ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా ముప్పై నాలుగు దాటదు. ఆ పిల్లను పేరు పెట్టి పిలవడం ఆయన ఎప్పుడో మానేశారు. ఇంట్లో భార్యతో మొత్తుకునేటప్పుడు కూడా "ముప్పై నాలుగు" అనే అంటారు.

ఆయన బాధ ఆయనది. ఏడాదంతా పడకగది తలుపులు బిగించుకుని, చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపుకుని, చెమటలు కక్కుతూ కొత్త ఆన్‌లైన్ కోర్సు తయారు చేశారు. అందులో బొమ్మలు కదులుతాయి, గ్రాఫులు గిరగిరా తిరుగుతాయి. కానీ అది పిల్లల ముందుకు రావాలంటే పాత కోర్సు తీసేయాలి. పాసైన పిల్లకు పాఠాలు మూసేస్తారు. చేరినవాళ్లలో ఆఖరి పిల్ల పాసయ్యాకే కోర్సు మొత్తం తీసేస్తారు. అది సంస్థ నియమం. అందరూ పాసై వెళ్లిపోయారు. ఈ పిల్ల మాత్రం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నెలాఖరులోగా మీ కోర్సు ఎక్కకపోతే ఇక దాన్ని పక్కన పెట్టేయడమే. ఒక్క పిల్లని గట్టెక్కించలేకపోతే ఎలా మాస్టారూ?" అన్నాడు ఇన్‌చార్జి ఫోన్లో.

పుండు మీద కారం చల్లినట్టయింది మాస్టారికి.

పోనీ ఆ పాత పాఠాలేమైనా అద్భుతాలా అంటే అదీ కాదు. ఏనాటివో. తెల్లబోర్డు, దాని మీద రాసే ఓ చెయ్యి, వెనక నుంచి ఓ ఆడగొంతు. అంతే. ఆ టీచరమ్మ ముఖం ఎక్కడా కనిపించదు. ఆవిడెవరో మాస్టారికి తెలియదు. ఆయన చేరేసరికే ఆ కుర్చీ ఖాళీ. ఒక పాఠంలో కుక్కర్ కూత వినిపిస్తుంది. సమీకరణాల పాఠంలోనైతే ఎవరో చిన్నపిల్ల మధ్యలో దూరి పెన్సిల్ చెక్కిపెట్టమంటుంది. "ఉండమ్మా బంగారం, ఈ లెక్క అవనీ" అంటుంది టీచరమ్మ. కనీసం ఆ ముక్కయినా కత్తిరించలేదు!

ముప్పై నాలుగు మళ్లీ మళ్లీ చూస్తున్నది సరిగ్గా ఆ పాఠమేనని కంప్యూటర్ చూపించింది. "అదీ సంగతి! సమీకరణాలు బుర్రకెక్కడం లేదు" అనుకుని, మాస్టారు ఆ పిల్ల కోసమే విడిగా ఓ పాఠం చేసి పంపారు.

పిల్ల దాన్ని తెరిచి కూడా చూడలేదు.

"నా పాఠం చేదా? ఆవిడ పాఠం తీపా?" భార్య దగ్గర రుసరుసలాడారు.

"చిన్నపిల్లతో మీకు పంతమేమిటండీ? ఓసారి పిలిచి మాట్లాడరాదూ" అంది ఆవిడ.

మాట్లాడే ముందు పిల్ల రాసిన జవాబులన్నీ తిరగేశారు. ఆయనకే చెమటలు పట్టించే లెక్కలు చకచకా చేసేసింది. రెండో ఎక్కం వస్తే చాలు, చేసేయగలిగినవి మాత్రం తప్పు చేసింది. ప్రతి పరీక్షకూ తప్పులు మారుతున్నాయి. మార్కులు మాత్రం మారడం లేదు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడే వీడియో కాల్ చేశారు.

"ఏమ్మా, వేళాకోళంగా ఉందా? ముప్పై అయిదు తెచ్చుకోవడం చేతకాకేనా ఇదంతా?"

పిల్ల తల వంచుకుంది. "కాదు సార్. వచ్చు."

"మరి? నా ఏడాది కష్టం నీ ఒక్క మార్కు దగ్గర ఆగిపోయింది, తెలుసా? కొత్త పాఠాలు ఎంత బాగా చేశాననుకున్నావ్! ఆ కుక్కర్ కూతల పాఠాల్లో ఏముందని పట్టుకు వేలాడుతున్నావు?"

పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారు విసుగ్గా కాల్ కట్ చేయబోయారు.

"పెన్సిల్ చెక్కమని అడిగింది నేనే సార్, ఆ పాఠాల్లో తప్ప మా అమ్మ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు."