రెండు మినుకుల మధ్య

తిరుగుతున్న ఇనుప పళ్లచక్రం దిమ్మ మీద ఎవరో ముసలామె అరచెయ్యి ఆనించి నిలబడింది.

సాయిరామ్ అటు పరుగెత్తాడు. వెనక నుంచి కేకేశాడు. ఆమె కదల్లేదు.

జహీరాబాద్ చెరుకు మిల్లులో ఇంజినీరుగా చేరి అతనికింకా నెల కాలేదు. చక్రం అదురును కొలిచే మీటర్ బిగించింది అతనే. సెకనుకొకసారి పచ్చదీపం మినుకుమంటుంది, ఒక కొలత తీస్తుంది. పొద్దున్నించీ కొలతలన్నీ ఒకేలా ఉన్నాయి. బయట చెరుకు ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరాయి. అందుకే చక్రం ఆపకుండానే, గ్రీజు పెట్టడానికి పనివాడు మల్లప్పను కింది గుంతలోకి దిగమన్నాడు.

అతని నీడ పక్కన పడగానే, ముసలామె తల తిప్పకుండానే అంది. "మల్లప్పను దిగనియ్యకు బిడ్డా. లోపల దెబ్బ కొడ్తున్నది."

"ఎక్కడ? మీటర్‌లో ఏమీ లేదే?"

ఆమె చూపు చక్రం మీదే ఉంది. ఎడమచేతి వేలితో ఇనుప కమ్మీని తడుతోంది. ఒకటి. ఒకటి. ఒకటి.

"ఈ దీపం కండ్లు మూసినప్పుడే కొడ్తున్నది."

"అడుగుతుంటే వినపడట్లేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

ఆమె తడుతూనే ఉంది. అతనికి ఒళ్లు మండింది. గేటు కాడి గురులింగప్పను పిలిచి, ఆమెను బయటికి పంపించేశాడు.

మల్లప్ప గ్రీజు డబ్బాతో నడుము దాకా దిగాడు.

సాయిరామ్ చూపు దీపం మీద పడింది. వెలిగింది, ఆరింది. ఇందాక ఆమె వేలు దీపం ఆరినప్పుడల్లా తట్టింది. వెలుగులో ఒక్కసారీ తట్టలేదు.

చక్రం తిరిగేదీ సెకనుకొక చుట్టే. చుట్టుకొక చూపు. మీటర్ ప్రతిసారీ చూసింది అదే చోటును. మిగతా చుట్టంతా దానికి చీకటే.

మీటర్‌ను సెకనుకు వెయ్యి కొలతలు తీసేలా మార్చాడు.

తెర మీది నున్నటి గీత ముళ్లకంపలా లేచింది.

ఎర్ర మీట నొక్కి, మల్లప్పను పైకి రమ్మని అరిచాడు.

ఆగిన చక్రం ఇరుసు మీద జానెడు పగులు. మల్లప్ప దాన్ని వేలితో తడిమి, గ్రీజు డబ్బా కింద పెట్టేశాడు.

సాయిరామ్ గేటుకు పరుగెత్తాడు. ఆమె న్యాల్‌కల్ బస్సు ఎక్కుతోంది. అమ్మా అని రెండుసార్లు పిలిచాడు. తిరిగి చూడలేదు. బస్సు కదిలిపోయింది.

"నా మీద కోపం పోలేదు," అన్నాడు రొప్పుతూ.

గురులింగప్ప తల అడ్డంగా ఊపాడు.

"కోపం గాదు సార్. నారమ్మ ఇరవై ఏండ్లు ఆ చక్రం కాడనే పనిచేసింది, చెవులు ఆడనే పోయినయ్."