నేను తప్పిపోలేదు

“నేను తప్పిపోలే. ముందుగాల గదే రాయి” అన్నాను.

మానుకోటలో అర్జీలు టైపు చేసే సునంద తలూపింది. నాకు అక్షరం రాదు గానీ చెప్పడం వచ్చు.

గూడూరు దగ్గరి తండాలో నా పేరున మూడెకరాలుంది. దాన్ని తన పేరుకు మార్చుకోవడానికి నా కొడుకు ఈరోజే రిజిస్ట్రేషన్ స్లాటు తీసుకున్నాడు. అయిదింటిలోపు నా వేలిముద్ర పడాలి. అది వేయకుండా అర్జీ పెట్టుకుందామనే పొద్దున్నే బస్సెక్కాను.

వాడు నా ఫొటో వాట్సాప్‌ గ్రూపులో పెట్టాడు, ‘మా అమ్మ కమ్లీకి మతి లేదు, కనిపిస్తే చెప్పండి’ అని. బస్టాండులో చూశామని ఒకరు, ఫలానా బస్సెక్కిందని ఇంకొకరు! నా పక్కసీటు ఆమె ఫోనులో అవన్నీ చదివి వినిపించి, “అవ్వా, గిది నువ్వే గదా?” అంది. మానుకోట బయటే దిగి నడిచాను.

“మతిలేని ముసల్దాని ఏలుముద్ర వానికెందుకట? గిది గూడ రాయి” అన్నాను.

సునంద వేళ్లు ఆగిపోయాయి.

“అవ్వా, నువ్వు షాపులకు రాంగనే నీ ఫొటో తీసి గా గ్రూపుల పెట్టిన. పుణ్యం జేసినవని అందరు మెచ్చుకున్నరు.” ఆమె కళ్లు తుడుచుకుంది.

గోడ గడియారంలో మూడున్నర. బయట జీపు ఆగింది. “యాడీ!” అని మా లంబాడీ మాటలో నా కొడుకు అమ్మను పిలిచినట్టే పిలిచాడు. వాడి వెనక ఇద్దరు మనుషులు దిగారు.

“ఏడుస్తవేంది, బిడ్డా?” అన్నాను సునందతో. “అర్జీ ఆపు. ఫొటో పెట్టినకాడనే జల్ది పెట్టు: కమ్లీ తప్పిపోలే, ఏలుముద్రకు గుంజుకపోతున్నరని.”