వీపులకి పాడిన పాట

"అమ్మా, ఆయన్ని అలా చూడకు," గొణిగింది తన్వి.

చూడక సుధ ఏం చేస్తుంది? న్యూయార్క్‌లో పార్కింగ్ బిల్డింగ్ లిఫ్ట్. లోపల తల్లీకూతుళ్లు కాక బక్కపలచటి జపాన్ మనిషి ఒక్కడే. గోళ్లకి నల్లరంగు! సుధ హ్యాండ్‌బ్యాగ్‌ని చంకలోకి లాక్కుంది.

అతను తన్వి టీషర్టు మీదున్న బొమ్మ చూస్తున్నాడు. తెల్లరంగు పూసుకున్న ముఖం. తన్వి ప్రాణం పెట్టే జపాన్ రాక్ బ్యాండ్ గాయకుడిది.

"ఇవాళ్టి షోకేనా?" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.

అడగడమే తరువాయి, తన్వి అందుకుంది.

"యా! కానీ వాళ్ల కొత్త పాట వేస్ట్. ఇన్నేళ్లు రాక్ పాడి, ఇప్పుడు ఫస్ట్ టైమ్ బాలడ్ రిలీజ్ చేస్తారా? స్లోగా, ఏడుపులా!"

"విన్నావా?"

"వినను. ఫ్యాన్ సైట్‌లో నేనే పోస్ట్ పెట్టా. ఆ పాట రాగానే అందరం స్టేజీకి వీపు తిప్పేస్తాం."

తన్వి పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"అలాగా," అన్నాడతను.

లిఫ్ట్ పెద్ద కుదుపుతో ఆగింది. లైటు పోయింది.

"అమ్మా!"

తన్వికి చిన్నప్పటి నుంచీ చీకటంటే చచ్చేంత భయం. ఊపిరి అందడం లేదు. చేతులు చల్లబడిపోయాయి.

"ఓరి దేవుడో! ఎవరైనా ఉన్నారా? హెల్ప్!" సుధ తలుపు బాదింది. ఫోన్లు కార్లోనే ఉండిపోయాయి. ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కుకుంది. పిల్ల చేతుల్లోనే పోతుందేమోనని వణికిపోయింది.

చీకట్లో అతను కదిలాడు.

"దగ్గరకి రాకు!" సుధ కూతుర్ని వెనక్కి లాక్కుంది.

అతను ఉన్నచోటే కూర్చుని సన్నగా రాగం తీశాడు. మాటల్లేవు. పైకెక్కి, దిగి, మళ్లీ ఎక్కే రాగం. తన్వి ఊపిరి దాని వెంటే నడిచింది. మెల్లగా కుదుటపడింది.

"నా కూతురికీ చీకటంటే భయం. ఇది తన పాట," అన్నాడు.

లైటు వచ్చి తలుపులు తెరుచుకున్నాక సుధ కళ్లు తుడుచుకుంది.

"చల్లగా ఉండు బాబూ," అంది తెలుగులోనే.

అతను తల వంచి, షో జరిగే హాలు వెనక సందులోకి పరుగెత్తాడు.

షో మధ్యలో గిటార్లు ఆగాయి.

"బాలడ్!" ఎవరో అరిచారు.

అందరికన్నా ముందు తన్వే వెనక్కి తిరిగింది. హాలంతా వీపు తిప్పేసింది.

రాగం మొదలైంది. పైకెక్కి, దిగి, మళ్లీ ఎక్కింది.

తన్వి గిరుక్కున స్టేజీ వైపు తిరిగింది.

"తిరగండి! ప్లీజ్, అటు తిరగండి!"

ఎవరూ వినలేదు.

స్టేజీ మీద, ఆమె టీషర్టు మీదున్న తెల్లటి ముఖమే, నల్లగోళ్ల చేత్తో మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని, అన్ని వీపులకీ ఆ పాట పాడుతోంది.