మధ్య గోడ

“నాదీ టైలరుదీ, మా రెండు కొట్లకీ గోడ ఒకటేనమ్మా. మధ్యలో ఇంకో కొట్టేమీ లేదు,” అన్నాడు గడియారాలాయన, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే.

గుండీలమ్మకు నవ్వొచ్చింది. “వేళాకోళం చాల్లే బాబాయ్. ఇరవై ఏళ్లు మీ పక్కనే కూర్చున్నాను. మీ మనవరాలి గౌనుకు ముత్యాల గుండీలు ఏరి ఇచ్చిందెవరు?”

“ఎవరో ఇచ్చుంటారు.”

ఆ వీధి ఒకప్పుడు గుడారాల వరుస. తర్వాత పెంకుల కొట్లు వచ్చాయి, ఆపైన ఇనప షట్టర్లు. వీధిని బాగుచేసిన ప్రతిసారీ కొట్లు తగ్గాయి, మిగిలినవి పెద్దవయ్యాయి. ఇప్పుడు అన్నీ పడగొట్టి నాలుగంతస్తులు కడుతున్నారు. ఫలానా కొట్టు ఉండేదని అటువాళ్లూ ఇటువాళ్లూ రాసిస్తేనే కొత్తదాంట్లో గది. లేదని రాస్తే ఆ జాగా వాళ్లిద్దరికీ కలిసిపోతుంది.

అందాకా వేసుకున్న రేకుల షెడ్లలో పక్కదాంట్లో టైలరు మిషను తొక్కుతున్నాడు.

“తమ్ముడూ, నువ్వైనా చెప్పు. గుండీలు అందుకోవడానికి మన గోడకు కన్నం పెట్టించావు కదా. ‘అక్కా, నాలుగు నల్లవి’ అని రోజూ కేకేసేవాడివి!”

మిషను ఆగలేదు. “మా రెండు కొట్లకీ గోడ ఒకటే,” అన్నాడు. అదే మాట, అదే గొంతు. అతని చొక్కాకు ఉన్నవి ఆమె ఇచ్చిన గుండీలే.

గుండీలమ్మ శిథిలాల్లోకి నడిచింది. ఆమె కొట్టు నేల మాత్రం మిగిలింది: గడియారాల వైపు సగం ఎర్రబండలు, టైలరు వైపు సగం నల్లబండలు. అన్నేళ్లలో ఆమె పీట ఎప్పుడూ ఎర్రబండల మీదే. నల్లవాటి మీద డబ్బాలు పేర్చేది, ప్రతిదాని మీదా తన గుండ్రటి అక్షరాలతో రంగు పేరు రాసి.

పగిలిన అద్దం ముక్కలోకి వంగి చూసింది. ముఖం ఉంది. కాస్త ధైర్యం వచ్చింది.

కొత్త గదులు పంచే ఆఫీసు గుమ్మం దగ్గర బల్ల మీద ఒకామె వేలికి తెల్లదారం చుట్టుకుంటోంది. “నన్ను గుర్తుపట్టారా అక్కా?”

“తర్వాత మాట్లాడతానమ్మా. నా కొంప మునిగేలా ఉంది.”

లోపల గుమాస్తా పెదవి విరిచాడు. “ఇద్దరూ లేదనే రాశారు. నేనేం చెయ్యను?”

“బతికున్న మనిషిని పట్టుకుని లేదంటారా? ఈ మాట వాళ్లకెవరు నేర్పారు బాబూ?”

“నేర్పేదేముంది? పాత కాగితం చూసి అందరూ అదే దించుతారు.” ఫైలు అడుగు నుంచి పచ్చబడిన కాగితం లాగి ఆమె ముందుకు తోశాడు.

‘నా కొట్టుకూ టైలరు కొట్టుకూ మధ్య లేసుల కొట్టు ఏనాడూ లేదు. మా రెండు కొట్లకీ గోడ ఒకటే.’

వెనక బల్ల మీద దారం చుట్టే చెయ్యి ఆగింది.

ఆ గుండ్రటి అక్షరాలు గుండీలమ్మవే.