పటం వెనక గూడు

తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా స్నేహ గడప దాటలేకపోయింది.

గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని అత్త ఇందిరాబాయి రాసుకుంటోంది.

పిట్టల గురించి ఇందిరాబాయి పత్రికకు వారం వారం రాస్తుంది. ఆదోని కొండల్లో ఏ పిట్ట ఎప్పుడు గుడ్లు పెడుతుందో ఆవిడకు తెలియనిది లేదు. ఆదివారాలు ఎమ్మిగనూరు వెళ్లి, మొగుళ్ల దెబ్బలు పడలేక ఇల్లు వదిలిన ఆడవాళ్లుండే చోట పనిచేస్తుంది. వాళ్లకు ధైర్యం చెబుతుంది, కోర్టుకు తోడు పోతుంది.

ఊళ్లో ఆడవాళ్లకు అండ, ఇంట్లో కోడలికి కాపలా! స్నేహకు ఒళ్లు మండేది. మొగుడు పవమాన్ మెలిపెట్టిన చెయ్యి ఇంకా వాచే ఉంది. అప్పుడు పక్క గదిలోనే ఉన్న అత్త నోరు మెదపలేదు.

మొన్నమొన్నటి దాకా పవమాన్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోతూ, తల్లినీ పెళ్లాన్నీ లోపలే ఉంచి బయట తాళం వేసుకుపోయేవాడు. ఒక పొద్దున ఇందిరాబాయి ఆపింది.

"మీ నాయన పటం వెనక పిచ్చుక గూడు పెట్టిందప్పా. పిల్లలైనాయి. కిటికీలకంతా జాలీ కొట్టించినావు. తలుపు మూస్తే తల్లి యాడ్నుంచి వచ్చి మేపుతుంది?"

"ఇది పారిపోతే?"

"నేనుండాను గదా. ఈడనే కూచుంటా. పటం మాత్రం ఎవురూ ముట్టొద్దండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లా రాదు."

పెళ్లాం మీద చెయ్యెత్తడానికి ఏనాడూ వెనకాడని పవమాన్, పిచ్చుక పిల్లల ఉసురుకు భయపడ్డాడు. పైగా పిట్టల విషయంలో అమ్మ మాటకు తిరుగులేదు. తాళం మేకుకు తగిలించి పోయాడు.

అప్పట్నుంచి ఆవిడ గడపలో కొర్రలు చల్లుతోంది. పిచ్చుకలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. వాటిని చూస్తే స్నేహకు అసూయ. మొదట్లో పవమాన్ మధ్యలో వచ్చి చూసిపోయేవాడు. తర్వాత మానేశాడు.

ఇవాళ మధ్యాహ్నం ఇందిరాబాయి కుర్చీ గోడవారకు జరుపుకుని కళ్లజోడు తీసింది. కాసేపటికి గురక.

స్నేహ మెల్లగా లేచింది. పొద్దున అత్త ఏదో పనికి తీసి బల్ల మీద మరిచిపోయిన తన ఆధార్ కార్డు అందుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటింది. ఆవిడ కదల్లేదు.

ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో ఛార్జీ లేకపోవడం మంచిదయింది. అత్త నోట విన్న ఆ ఎమ్మిగనూరు చోటు తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. దారంతా పిచ్చుక పిల్లల మీదే బెంగ. ఇక తలుపు మూసేస్తాడు, పాపం చచ్చిపోతాయి.

సాయంత్రం పవమాన్ వచ్చాడు.

"యాడికి పోయింది?"

"కన్నంటుకునిందప్పా" అంది ఇందిరాబాయి. కుర్చీలోంచి లేవలేదు.

"అంతా ఈ పిచ్చుకల వల్లనే" అంటూ అతను స్టూలెక్కి తండ్రి పటాన్ని లాగి కింద పడేశాడు.

పటం వెనక గోడ సున్నం చెదరకుండా తెల్లగా ఉంది. అక్కడ ఏ పిట్టా ఏనాడూ గూడు పెట్టలేదు.